మిగిలినవాళ్ళ గడి

ట్రిప్ షీట్ 1, సోమవారం

ఈ పుస్తకం నాకు ప్రయాణ శాఖ వాళ్ళు ఇచ్చారు. పదిహేను రోజుల పాటు మా కొండకొమ్ము కాలనీ స్టాపులో కూర్చుని, డబ్బా ఎవరెవరు ఎక్కుతున్నారో, ఎంతసేపట్లో ఆస్పత్రికి చేరుతున్నారో చూసి రాయాలి. చివరి రోజున సంతకం పెట్టాలి. స్టాపు ఉంచాలన్నా తీసెయ్యాలన్నా కాలనీ మనిషి సంతకం లేనిదే కుదరదని రూలు ఉంది. ఆ మనిషిగా నన్ను ఏరారు. నా పేరు మైలపల్లి ఆదెమ్మ. బస్సులకి డ్రైవర్లు ఉన్న రోజుల్లో ఇరవై ఆరేళ్ళు కండక్టరుగా చేశాను. ఆ సంగతి ఏ పాత కాగితంలో దొరికిందో మరి.

డబ్బా అంటే శాఖ వాళ్ళు మొహం చిట్లిస్తారు. దాని అసలు పేరు సుగమ. డ్రైవరుండడు, నాలుగు సీట్లుంటాయి, గాడి మీద చప్పుడు లేకుండా జారుతూ వస్తుంది. అది ఎప్పుడు, ఎక్కడికి, ఎవరి కోసం వెళ్ళాలో సమదర్శి చెబుతుంది. సమదర్శి మనిషి కాదు, నగరం ప్రయాణాలన్నీ చూసే యంత్రం. ప్రతి ఇంటి గోడకీ దాని పలక ఒకటి ఉంది. ఉదయం అయిదింటికి అడుగుతుంది, ఈ రోజు ప్రయాణం అవసరమా అని. కావాలి, వద్దు అని రెండు మీటలు. ఏదో ఒకటి నొక్కాలి.

నొక్కినవాళ్ళు నలుగురు, ఎక్కినవాళ్ళు నలుగురు. ఆస్పత్రికి పన్నెండు నిమిషాలు. శాఖ వాళ్ళ కాగితంలో ఉన్న గళ్ళన్నీ నిండాయి. నాకే ఏదో వెలితిగా ఉంది.

స్టాపు పక్కనే ఎర్రయ్య మామ ఇల్లు. అరుగు మీద కాలు చాపుకుని, నా పుస్తకం చూసి నవ్వాడు.

"ఏటాదెమ్మా, మల్లీ కండక్టరయిపోనావా? నాకో టికెట్టు కొట్టు."

"ఎక్కడికి మామా?"

"పాతరేవుకి."

పాతరేవు మా ఊరు. పద్నాలుగేళ్ళుగా సముద్రం అడుగున ఉంది. టికెట్టు కొడతానులే అన్నాను.

ట్రిప్ షీట్ 2, మంగళవారం

నలుగురు నొక్కారు. నలుగురు ఎక్కారు. పన్నెండు నిమిషాలు.

న్యాయం చెప్పాలి. ఈ డబ్బాల పథకం మా బోటి వాళ్ళ కోసమే పెట్టారు. సముద్రం తరిమితే కొండెక్కినవాళ్ళం, కింద నగరం తొమ్మిది కిలోమీటర్ల దూరం. పథకానికి ముందు ఆస్పత్రికి వెళ్ళాలంటే వెయ్యిన్నూట నలభై మెట్లు దిగి, రాతిమలుపు దగ్గర బండి కోసం పడిగాపులు పడేవాళ్ళం. మొదటి ఏడాది రోజూ ఉదయం ఆరు డబ్బాలు వచ్చేవి. మా వదిన నూకరత్నం ఆ ఏడాదే బతికిపోయింది. రెండు కిడ్నీలూ పాడై, వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేయించుకోవాలి. సోమ, బుధ, శుక్రవారాలు. తప్పితే ఒంట్లో నీరు నిండిపోతుంది.

ఆరు డబ్బాలు నాలుగయ్యాయి, రెండయ్యాయి. ఇప్పుడు ఒక్కటే. ఎందుకు తగ్గాయో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ట్రిప్ షీట్ 4, గురువారం

నలుగురు, నలుగురు, పన్నెండు. నిన్నా ఇంతే. నాలుగు రోజులుగా ఒక్క అంకె కదలలేదు. కొండ మీద మూడొందల గడప ఉంది. మూడొందల ఇళ్ళలో రోజుకి సరిగ్గా నలుగురికే ఒంట్లో బాగోదంటే నమ్మడానికి నేను యంత్రాన్ని కాదు.

కండక్టరుగా ఉన్నప్పుడు నాకో అలవాటుండేది. ట్రిప్ షీట్ ముందువైపు ఎక్కినవాళ్ళ లెక్క. అది డిపోకి. వెనకవైపు, ప్రతి స్టాపులో ఎక్కలేక మిగిలిపోయినవాళ్ళకి తలకో గీత. అది నాకు. డిపో మేనేజరు చూసి, ఎక్కనివాళ్ళతో నీకేం పనమ్మా అని చివాట్లు పెట్టాడు. మూడు నెలల గీతలు ఆయన బల్ల మీద పరిచాను. మా రేవులో చేపల గంపలతో రోజూ పదిహేడు మంది ఆడవాళ్ళు ఎండలో మిగిలిపోతున్నారని అప్పుడు తెలిసింది. నెల తిరక్కుండా రెండో బస్సు వేశారు. నా ఉద్యోగంలో నేను చేసిన మంచిపని అదొక్కటే అనుకుంటాను.

అందుకని ఈ రోజు పలకలు అడగకముందే లేచి ఎర్రయ్య మామ అరుగు దగ్గరికి వెళ్ళాను. అక్కడ ఉన్నది చూసి తల పట్టుకున్నాను. కొత్త సంగతి కాదు, రోజూ నేనూ ఉండే గుంపే. కాకపోతే చేతిలో పుస్తకంతో ఎప్పుడూ చూడలేదు.

ముప్ఫై మంది దాకా చేరారు. వాళ్ళలో లోవతల్లి అనే పిల్లకి ఏడో నెల.

"తల తిరగతంది గానీ పర్లేదు," అంది లోవ. "తాతని ఎల్లమనండి, కాలు కుల్లిపోతంది."

"నా కాలికేటి, పసుపెట్టీసినాను," అన్నాడు ఎర్రయ్య మామ. "రెండు పానాల మనిసివి, నివ్వెల్లు."

"నానాగుతాను. నివ్వెల్లు తాతా."

అలా గుంపంతా ఒకరినొకరు ముందుకు తోసుకుని, చివరికి నలుగురు తేలారు. మిగతావాళ్ళంతా ఇళ్ళకి వెళ్ళి వద్దు నొక్కారు.

పాతరేవు కట్టుబాటు ఇది. పడవలన్నీ ఒకేసారి తిరిగొస్తే, దెబ్బ తగిలిన మనిషి ఉన్న పడవ ముందు ఒడ్డెక్కాలి. మిగతావి అలల అవతలే ఆగాలి. ఎవరూ చెప్పనక్కర్లేదు, తెడ్డు పైకెత్తి చూపిస్తే చాలు. రేవు పోయింది, పడవలు పోయాయి, అలవాటు మాత్రం మాతో కొండెక్కింది.

సమదర్శికి తెడ్డు కనపడదు. దానికి కనపడేది వద్దు మీట. మాకెవరికీ అవసరం లేదనుకుంటూ మూడేళ్ళుగా డబ్బాలు తగ్గించుకుంటూ వచ్చింది. మేం ఆగిన కొద్దీ అది కోస్తూ పోయింది.

ఇంకో మాట కూడా రాయాలి. నా కుడి కంట్లో పొర ముదిరింది. ఆపరేషన్ కోసం పిలుపు వచ్చిన ప్రతిసారీ వద్దు నొక్కాను. పదకొండుసార్లు. ఎవరిని తిట్టాలి ఇప్పుడు?

మిగిలినవాళ్ళు: ఇరవై ఏడు. గీతలు పుస్తకం వెనక పేజీలో ఉన్నాయి.

ట్రిప్ షీట్ 8, సోమవారం

శాఖ నుంచి హిమకర్ అనే అధికారి వచ్చాడు. పాతికేళ్ళుంటాయి. చెప్పులు బయట విప్పి లోపలికి వచ్చాడు, మంచినీళ్ళు అడిగి తాగాడు. అంత మర్యాదస్తుడిని తిట్టాలంటే నోరు రాదు. పలక మీద ఒక గీత చూపించాడు. కొండ మీంచి లోయలోకి దిగుతోంది అది.

"మీ కాలనీలో అవసరం నూటికి తొంభై మూడు వంతులు తగ్గిందండి. నగరం మొత్తంలో ఇంత మంచి ఫలితం ఇంకెక్కడా లేదు. పదహారో రోజు నుంచి ఈ స్టాపు అక్కర్లేదు. ఉన్న నలుగురూ రాతిమలుపు స్టాపు వాడుకోవచ్చు."

"ఆ నలుగురిలో మా వదిన ఉంది. నాలుగు అడుగులేస్తే ఆయాసం. వెయ్యిన్నూట నలభై మెట్లు ఎలా దిగుతుంది బాబూ?"

"అత్యవసర వాహనం ఉంది కదండీ."

"మాట్లాడగలిగే మనిషికి అది రాదు. స్పృహ తప్పాకే వస్తుంది."

అతను తల దించుకున్నాడు. ఆ రూలు అతనికీ తెలుసు.

గుంపు సంగతి చెప్పాను. పుస్తకం తిప్పి వెనక గీతలు చూపించాను. ఓపిగ్గా విన్నాడు.

"వాళ్ళే వద్దని నొక్కుతున్నారు కదండీ?"

"వాళ్ళకి అక్కర్లేక కాదు బాబూ. పక్కింటి మనిషికి ముందు కావాలని."

"నాకు అర్థమైంది. కానీ సమదర్శి నొక్కినదాన్నే లెక్కపెడుతుంది. ఈ గీతలు పెట్టడానికి మీ ఫారంలో గడి లేదు." గొంతు తగ్గించాడు. "ఈ శుక్రవారం లెక్క మూసేలోపు వరసగా మూడు రోజులు కోరినవాళ్ళ సంఖ్య సీట్లకి రెట్టింపు దాటితే, స్టాపు తియ్యడం ఆగిపోతుంది. ఇది నేను చెప్పకూడదండి."

చెప్పినందుకు ఇంకో గ్లాసు నీళ్ళిచ్చాను.

ట్రిప్ షీట్ 9, మంగళవారం

ఇంటింటికీ తిరిగాను. నిజంగా వెళ్ళాల్సినవాళ్ళ పేర్లు మాత్రమే రాసుకున్నాను. లేని రోగం ఎవరూ చెప్పొద్దు, ఉన్నది ఎవరూ దాచొద్దు అని గట్టిగా చెప్పాను. నలభై మూడు పేర్లు తేలాయి. నాది కూడా రాశాను, సిగ్గుపడుతూనే.

సాయంత్రం అరుగు దగ్గర విషయం చెప్పాను. రేపటి నుంచి మూడు రోజులు నలభై మూడు మందీ కావాలి నొక్కాలి. స్టాపు నిలవడానికి తొమ్మిది మంది చాలు, కానీ ఎవరు దాచినా యంత్రం లెక్క మళ్ళీ తప్పుతుంది.

ఎర్రయ్య మామ నా వైపు చూడకుండా అడిగాడు.

"అందరం నొక్కితే నలుగురిని ఎవులేరతారు?"

"సమదర్శి. చీటీ తీసినట్టు ఏరుతుంది. ఎవరికెంత జబ్బో దానికి తెలీదు."

"ఎక్కినోలు దిగి ఆ సీటు నూకరత్నానికిచ్చీవొచ్చా?"

"కుదరదు. తలుపు దగ్గర అరచెయ్యి చూసి మనిషిని గుర్తుపడుతుంది. దిగితే వద్దన్నట్టే రాసుకుంటుంది."

అప్పుడు అందరూ వదిన వైపు చూశారు. మూడు రోజుల్లో బుధవారం, శుక్రవారం రెండూ ఉన్నాయి. రెండుసార్లు తప్పితే ఏమవుతుందో మా కాలనీలో పిల్లలకి కూడా తెలుసు. నా నోటితో నేను అడిగింది నా వదిన ప్రాణాన్నే. ఇది రాయకపోతే అబద్ధమవుతుంది.

వదిన గోడకి ఆనుకుని కూర్చుంది. అందరికీ వినపడేలా చెప్పింది.

"మూడేల్లు నన్ను ముందు ఒడ్డెక్కించినారు. నానెక్కినాననుకున్నాను. మీరందరూ అలల్లోనే ఉన్నారని తెల్దు నాకు. నొక్కండి."

"వదినా, శుక్రవారం దాకా..." అన్నాను.

"నీల్లు తగ్గించి తాగుతాను. ఆదెమ్మా, నివ్వు ఏడవకు. నీకసలే కన్ను బాగోదు."

ట్రిప్ షీట్ 10, బుధవారం

కోరినవాళ్ళు: నలభై మూడు. ఎక్కినవాళ్ళు: నలుగురు. మిగిలినవాళ్ళు: ముప్ఫై తొమ్మిది.

నలుగురిలో వదిన లేదు. లోవతల్లి ఉంది. డబ్బా తలుపు తెరుచుకున్నాక ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడిపోయింది.

"పెద్దమ్మా, నాను దిగిపోతాను. నివ్వెల్లు."

"దిగినావంటే జన్మలో నీతో మాటాడను," అంది వదిన. "ఎల్లి సూపించుకునిరా."

లోవ ఏడుస్తూ వెళ్ళింది. తిరిగి రాలేదు. రక్తపోటు మితిమీరి ఉందని ఆస్పత్రిలోనే ఉంచేశారట. ఇంకో వారం ఆలస్యమైతే తల్లీ బిడ్డా దక్కేవాళ్ళు కాదని డాక్టరమ్మ అందట. మూడు నెలలుగా వద్దు నొక్కుతోంది ఆ పిల్ల. యంత్రం దృష్టిలో మూడు నెలలుగా ఆరోగ్యంగా ఉంది.

ట్రిప్ షీట్ 11, గురువారం

నలభై రెండు. లోవ ఆస్పత్రిలో ఉంది కాబట్టి ఒకటి తగ్గింది. నిన్న వెళ్ళిన మిగతా ముగ్గురినీ ఆస్పత్రివాళ్ళు మళ్ళీ రమ్మన్నారు. ఎక్కినవాళ్ళు నలుగురు, మిగిలినవాళ్ళు ముప్ఫై ఎనిమిది.

ఎర్రయ్య మామకి సీటొచ్చింది. డాక్టర్లు రెండు వేళ్ళు తీసేశారు, కాలు దక్కింది. సాయంత్రం కట్టుతో వచ్చి అరుగు మీద కూర్చున్నాడు, ఒక్క జోకు కూడా వెయ్యలేదు.

వదిన పాదాలు ఉబ్బాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటోంది. పడుకుంటే ఊపిరి అందడం లేదని దిండ్లు పెట్టి కూర్చోబెట్టాం. ఇంకొక్క రోజే అని నాకు నేను చెప్పుకుంటున్నాను.

ట్రిప్ షీట్ 12, శుక్రవారం

అయిదింటికి పలకలు మోగలేదు. ప్రతి గోడ మీదా ఒకే వాక్యం. "మీ కాలనీ నుంచి అసహజమైన కోరికలు నమోదైనందున, దుర్వినియోగం అనుమానంతో సేవ తాత్కాలికంగా నిలిపివేయబడింది."

మూడేళ్ళు అడగని వాళ్ళు ఒక్కసారిగా అడిగితే దొంగలని అర్థమట. ఇంత వయసులో నాకు ఇంత కోపం ఎప్పుడూ రాలేదు. పలకని చెప్పుతో కొట్టాను. ఏమీ కాలేదు దానికి, చెప్పు తెగింది.

లోపల వదిన మాటకి మాటకి మధ్య ఆగి గాలి పీల్చుకుంటోంది. అయినా మాట్లాడుతోంది కాబట్టి అత్యవసరం కాదు.

ఎర్రయ్య మామ ఇంట్లో నుంచి రెండు పొడవాటి తెడ్లు తీసుకొచ్చి నా ముందు పడేశాడు. పద్నాలుగేళ్ళుగా అటక మీద ఉన్నాయవి. ఎందుకు మోసుకొచ్చావయ్యా వీటిని కొండ మీదకి అని ఏడాదికోసారైనా ఆటపట్టించేవాళ్ళం.

"కుర్సీ కట్టండి," అన్నాడు.

ప్లాస్టిక్ కుర్చీని వల తాడుతో రెండు తెడ్ల మధ్య బిగించారు. వదినని కూర్చోబెట్టారు. మెట్ల మీద కుర్చీ నిలవదు, ఒరిగిపోతుంది. వీపు మీద ఎత్తుకుంటే ఆమెకి ఊపిరి ఆడదు. చదునైన దారి ఒక్కటే ఉంది, డబ్బాల గాడి. దాని మీద మనుషులు నడవకూడదు. నడిస్తే డబ్బాలు ఆగిపోతాయి. గుద్దకుండా ఆగడమనేది వాటికి నేర్పిన మొదటి పాఠం.

"ఎల్దామా?" అని అడిగారు మోసేవాళ్ళు. నడవగలిగిన ప్రతి మనిషీ అప్పటికే గాడి మీదకి దిగేశాడు.

నేను పుస్తకం తీసుకుని ముందు నడిచాను. కండక్టరు చోటు ముందు కాదు, వెనక. ఈ రోజుకి మార్చాను.

రెండో కిలోమీటరు దగ్గర మొదటి డబ్బా మా ఎదురుగా ఆగింది. దాని వెనక ఇంకోటి. నాలుగో కిలోమీటరు దాటేసరికి కింద లోయలో గాడి పొడుగునా డబ్బాలు నిలబడిపోయి కనిపించాయి. లోపలివాళ్ళు అద్దాలు బాదారు. ఒకాయన తలుపు తీసుకుని దిగి, నాకు కోర్టులో పని ఉంది, మీకు బుద్ధుందా అని అరిచాడు. వదిన కుర్చీలోంచి ఆయన్ని చూసింది. ఆమె మొహం ఉబ్బి కళ్ళు సన్నపడ్డాయి. కాసేపటికి చూస్తే, ఆయన కోటు విప్పి భుజాన వేసుకుని ఎడమ తెడ్డు కింద ఉన్నాడు.

ఆరో కిలోమీటరులో హిమకర్ ఫోను.

"ఆదెమ్మ గారూ, దయచేసి గాడి ఖాళీ చేయించండి. నగరమంతా ఆగిపోయింది."

"ఆగిపోయినవాళ్ళు ఎంతమంది బాబూ? రాసుకోవాలి."

"ఏంటండీ?"

"స్టాపుల్లో మిగిలిపోయినవాళ్ళు. అంకె చెప్పు."

చూడ్డానికి కొంత సమయం పట్టింది అతనికి. ఎప్పుడూ చూసి ఉండడు.

"డెబ్భై ఒక్క వేల నాలుగు వందలు."

"వాళ్ళలో ఎవరైనా వద్దు నొక్కారా?"

అటువైపు మీటల చప్పుడు, మళ్ళీ వెతుకుతున్నాడు.

"లేదండి," అన్నాడు చివరికి.

"మరి వాళ్ళకి అవసరం ఉన్నట్టా, లేనట్టా? నువ్వే రాసుకో. మా వదినకి టైమైపోతోంది."

పోలీసులు ఏడో కిలోమీటరులో వచ్చారు. కుర్చీ చూసి పక్కకి తప్పుకున్నారు. ఆస్పత్రి గేటు దాటేసరికి పదీ యాభై. పదకొండూ ఇరవైకి వదిన చేతికి సూది ఎక్కింది. రక్తం శుద్ధి చేసే యంత్రం తిరగడం మొదలయ్యాక డాక్టరమ్మ బయటికి వచ్చి, సాయంత్రం దాకా ఆగి ఉంటే మోసుకొచ్చినా లాభం ఉండేది కాదంది. మోసినవాళ్ళందరూ వరండాలో గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. భుజాలు కమిలిపోయాయి. కోర్టాయన కూడా ఉన్నాడు. ఆయన వాయిదా పోయిందట.

ఎక్కినవాళ్ళు: ఒకరు, తెడ్ల మీద. పట్టిన సమయం: నాలుగు గంటల పది నిమిషాలు. మిగిలినవాళ్ళు: డెబ్భై ఒక్క వేల నాలుగు వందలు.

ట్రిప్ షీట్ 14, ఆదివారం

వదిన నిన్ననే ఇంటికి వచ్చింది. రాతిమలుపు దాకా డబ్బా, అక్కడి నుంచి వీపు మీద ఎత్తుకుని మెట్లు. తెడ్లు కూడా తెచ్చాం.

ఈ రోజు హిమకర్ వచ్చాడు. మా స్టాపుకి డబ్బాలు లేవు కదా, వెయ్యిన్నూట నలభై మెట్లు ఎక్కి వచ్చాడు. చొక్కా తడిసి ముద్దయింది. అరుగు మీద కూలబడి చాలాసేపు మాట్లాడలేకపోయాడు.

"మాటాడగలిగితే అత్యవసరం కాదులే," అన్నాడు ఎర్రయ్య మామ. వేళ్ళు పోయాక అదే మొదటి జోకు.

హిమకర్ సంచిలోంచి ఫారం తీశాడు. రేపు పదిహేనో రోజు, సంతకం కావాలి. ఫారంలో పాత గళ్ళే. కోరినవాళ్ళు, ఎక్కినవాళ్ళు, పట్టిన సమయం. నేను స్కేలు తెచ్చి, పెన్నుతో ఇంకో గడి గీశాను. పైన మిగిలినవాళ్ళు అని రాశాను.

"చేత్తో గీసిన గడి సమదర్శి చదవదండి."

"నువ్వు చదువుతావు కదా."

నలభై మూడు పేర్లూ రాశాను. ఏ జబ్బు, ఎన్నిసార్లు ఆగారు, ఎవరి కోసం ఆగారు. గడి చాలక వెనక పేజీ కూడా నిండింది. లోవ పేరు దగ్గర అతని వేలు ఆగింది. నా పేరు దగ్గర ఇంకాస్త ఆగింది.

"మీరు కూడానా?"

"నేను కూడా. పదకొండుసార్లు."

స్టాపు తీసెయ్యడానికి ఒప్పుకుంటున్నాను అనే వాక్యాన్ని కొట్టేసి, కింద సంతకం పెట్టాను. అతను నా పెన్నే అడిగి తీసుకున్నాడు. నా గడి కింద, సరిచూశాను అని రాసి తన సంతకం పెట్టాడు. ఉద్యోగం ఉంటుందా బాబూ అని అడిగితే, తెలీదండి, ముందు ఈ మెట్లు దిగాలి అన్నాడు.

ట్రిప్ షీట్ 15, సోమవారం

అయిదింటికి పలక వెలిగింది. స్టాపు ఉందో లేదో ఎవరూ చెప్పలేదు, కానీ అడుగుతోంది. ఈ రోజు ప్రయాణం అవసరమా?

సందులో వదిన గొంతు వినపడింది. ఆయాసం ఇంకా ఉంది, గొంతు మాత్రం రేవులో బేరమాడినప్పటిదే.

"ఎవులూ ఒద్దు నొక్కకండి. నా కోసం ఆగినోలు నా గుమ్మం తొక్కొద్దు."

ఇంటింటా మీటలు నొక్కిన చప్పుడు. నేను పలక ముందు నిలబడ్డాను. కుడి కన్ను మూస్తే రెండు మీటలు కనపడుతున్నాయి, ఎడమ కన్ను మూస్తే ఒక్కటీ కనపడదు. ఎవరైనా నాకంటే ముందు వెళ్ళాల్సినవాళ్ళున్నారా అని అలవాటుగా మనసు వెతికింది. ఉన్నారు. ఎప్పుడూ ఉంటారు.

కావాలి నొక్కాను.

డబ్బా వస్తుందో రాదో తెలీదు. తెడ్లు గుమ్మం పక్కన గోడకి ఆనించే ఉన్నాయి.